గుంటలో మనిషి

లిఫ్టు కింద ఒక గుంట ఉంటుందని లిఫ్టెక్కేవాళ్లలో చాలామందికి తెలియదు. బొత్తాం నొక్కుతారు, అద్దంలో తల సవరించుకుంటారు, దిగిపోతారు. అన్ని అంతస్తులకీ అడుగున, మనిషి నిలువు లోతున ఒక చీకటి గది ఉందని, ఇనుప నిచ్చెన మీద అందులోకి దిగి, స్ప్రింగుల మీద దుమ్ము తుడిచి, పట్టాల అడుగున గడ్డకట్టిన జిడ్డు గీకే మనిషి ఒకడుంటాడని వాళ్లకి తట్టదు. తలుపు సందులోంచి జారిపోయిన చెవిపోగో తాళంచెవో తిరిగి చేతికి వచ్చినప్పుడు మాత్రం "అబ్బ, ఎలా తీశారండీ!" అని ఆశ్చర్యపోతారు.

ఆ మనిషిని పనిలో అందరూ పాతాళం అనేవారు.

ఆ పేరు పెట్టింది ఆకాశం. ఆకాశం అంటే మేడ మీద మిషను గదిలో ఉండే పెద్ద మేస్త్రి. పెద్ద గొంతు, పెద్ద నవ్వు, కాలు ఒకచోట నిలవదు. లిఫ్టు పెట్టె నెత్తిన కూర్చుని తాళ్లూ చక్రాలూ చూసే మూడోవాడు మధ్యవర్తి. పైవాడికీ కిందవాడికీ నడుమ వేలాడుతుంటాడు కాబట్టి ఆ పేరు. పైగా ఆ ఇద్దరి మధ్య ఏ తగువొచ్చినా తీర్చేది కూడా అతనే. ఆకాశం చెల్లెల్నే చేసుకోవడంతో వాళ్లిద్దరూ బావాబావమరుదులయ్యారు. పాతాళం ఎవరికీ ఏమీ కాడు. కానీ ఆకాశాన్ని "అన్నా" అనీ, అతని భార్యని "వదినా" అనీ ఎంతకాలంగా పిలుస్తున్నాడంటే, పెళ్లి చేసుకోకుండా మిగిలిపోయిన తమ్ముడేమో అనుకునేవారు ఇరుగుపొరుగు. పెళ్లి చేసుకోని మాట నిజమే. తమ్ముడన్నదీ నిజమే అనుకుని బతికాడు పాతాళం.

ముగ్గురి పనికీ ఒక కట్టుబాటు ఉంది. కరెంటు వెయ్యబోయే ముందు పైనుంచి ఆకాశం అరుస్తాడు.

"మధ్యన?"

"ఉన్నా!"

"కింద?"

"ఉన్నా!"

రెండు "ఉన్నా"లు చెవిన పడ్డాకే మీట మీద చెయ్యి. ఒకరి తరఫున ఇంకొకరు పలకకూడదు. కంటి ఎదురుగా ఉన్నా సరే, ఎవరి నోటితో వాళ్లు చెప్పుకోవాలి. ఇంకొకటి, గుంటలో మనిషి పలికాక ఉన్నచోట ఉండిపోవాలి. పైనుంచి "రా" అనే మాట వచ్చేవరకూ నిచ్చెన మీద కాలు పెట్టకూడదు. తన పని అయిపోయింది కదా అని బయటికి తల పెట్టిన ఒక పనివాడి సంగతి ముగ్గురికీ తెలుసు. దాని గురించి మాట్లాడుకునేవారు కాదు.

ఆకాశానికి ఇందులోనూ వేళాకోళమే. ఒక్కోసారి పని ముగిసినా "రా" అనకుండా నాన్చేవాడు. పాతాళం గుంటలో గోడకి చేరగిలబడి, తలెత్తి చూస్తూ కూర్చునేవాడు. "ఏం అన్నా, నిద్రపోయావా?" అని అడగాలని నోటిదాకా వచ్చేది. అడిగేవాడు కాదు. చివరికి నవ్వుతో పాటు "రా... రారా నాయనా, మొలకెత్తేలా ఉన్నావ్!" అన్న మాట గోడలకి తగులుకుంటూ కిందికి దిగేది. ఆ మాట కోసం ఎదురుచూడటం పాతాళానికి లోలోపల ఇష్టంగానే ఉండేది. తనకోసం ఒకరు పైన ఉన్నారని అంత కచ్చితంగా తెలిసే చోటు అతనికి మరొకటి లేదు.

విదేశం వెళ్దామన్న మాట భోజనాల వేళ మేడ మీద పుట్టింది. ఆకాశం డబ్బా మూత పెట్టి, దూరంగా కనిపిస్తున్న కొండల్ని చూస్తూ అన్నాడు.

"ఒరేయ్, ఆలోచించారా? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మనం పైకీ కిందికీ తప్ప ఎటైనా కదిలామా? ఒక్కసారి అడ్డంగా వెళ్దాం రండ్రా."

"అడ్డంగా అంటే ఎక్కడికి బావా?" అన్నాడు మధ్యవర్తి.

"అది తెలిస్తే ఇంక వెళ్లడం ఎందుకు?"

"గది మాట్లాడుకోవాలి, బళ్లు మాట్లాడుకోవాలి, ఏ ఊరో ఏమిటో..."

"ఇదిగో, ఇందుకే నిన్ను మధ్యలో వేలాడదీశారు. విమానం ఒకటి దింపుతుంది, విమానం ఒకటి ఎక్కించుకుంటుంది. నడుమ ఏ బండి ముందు కదిలితే అది మన బండి. ఎక్కడ చీకటి పడితే అది మన ఊరు. ఏమంటావ్ రా పాతాళం?"

"నువ్వెక్కడుంటే అక్కడే అన్నా," అన్నాడు పాతాళం.

"చూశావా బావా, కిందవాడికి ఉన్న ధైర్యం నీకు లేదు!"

వదిన మొదట్లో ససేమిరా అంది. తర్వాత ముక్కు ఎగబీలుస్తూనే పెట్టె సర్దింది. బయల్దేరేనాడు ఊదారంగు ఉన్నితో తన చేత్తో అల్లిన కోతిటోపీ ఒకటి తెచ్చి మొగుడి చేతిలో కాక పాతాళం చేతిలో పెట్టింది.

"అక్కడ చలట. ఈయన చెవులు అసలే మంచివి కావు. ఈయనకిస్తే గుమ్మం దాటగానే పారేస్తాడు. నీకిస్తున్నా. పోగొట్టుకుని వచ్చారో, ఇద్దరికీ అన్నం పెట్టను."

"నాకేం చలి? నేనేమన్నా పసిపిల్లాణ్ణా?" అన్నాడు ఆకాశం.

"పసిపిల్లలు నయం. చెబితే వింటారు."

అలా వెళ్లారు. ఆ దేశంలో వాళ్లకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, వాళ్లు చెప్పేది అక్కడివాళ్లకి అంతకన్నా అర్థమయ్యేది కాదు. ఆకాశం మాత్రం తన భాషలోనే గట్టిగా మాట్లాడి, చేతులు తిప్పి, చివర్లో నవ్వేవాడు. ఆ నవ్వుకి తలుపులు తెరుచుకునేవి. ఒక చోట రొట్టెల దుకాణం వెనక పిండి బస్తాల పక్కన పడుకున్నారు. ఒక చోట బస్సు ఎక్కి చివరిదాకా వెళితే అది బస్సుల షెడ్డు. డ్రైవరు దిగి, వీళ్లని చూసి బిత్తరపోయి, తన బండిలో ఊళ్లోకి దింపాడు. లిఫ్టు కనబడితే చాలు, ముగ్గురూ పనున్నా లేకపోయినా ఎక్కేవారు. అందరూ తలుపు వైపు చూస్తుంటే వీళ్లు తలలెత్తి కప్పు వైపు చూసేవారు.

"తాడు కొత్తది బావా."

"పట్టాలకి జిడ్డు చాలట్లేదు, వినబడట్లా?"

పాతాళం మాత్రం కిందికి చూసేవాడు. ఇక్కడా ఒకడుంటాడు, వాడికీ పైన ఒకడుంటాడు, అనుకునేవాడు.

బండి ఏదైనా సరే, కదిలేముందు ఆకాశం పిలుపు మానలేదు. రైల్లో జనమంతా చూస్తుండగా "మధ్యన?" అని అరిచేవాడు. వెనకనుంచి సిగ్గుపడుతూ "ఉన్నా". "కింద?" అంటే చివరి బల్ల మీదనుంచి సిగ్గేమీ లేకుండా "ఉన్నా!"

కోతిటోపీ కథ వేరే. ఆకాశం దాన్ని రోజూ ఎక్కడో ఒకచోట కావాలనే వదిలేసేవాడు. రొట్టెల దుకాణంలో బస్తా కింద, రైల్లో కిటికీ అంచున, ఒకసారైతే ఎవరిదో కుక్క నెత్తిన. ప్రతిసారీ పాతాళం వెనక్కి పరిగెత్తి తెచ్చేవాడు.

"నువ్వు మనిషివి కాదురా, మా ఆవిడ పెట్టిన పోలీసువి!"

"అన్నం పెట్టనంది అన్నా. నీకు కాకపోయినా నాకు కావాలి కదా."

కొండల నడుమ పెద్ద సరస్సు ఒకటుంది. దాని అవతలి ఒడ్డున ఊరు. ఇవతలి ఒడ్డున పడవల రేవు, ఒక చెక్క గది, టిక్కెట్లిచ్చే ఆవిడ, ఒక బల్ల, అంతే. వీళ్లు అక్కడికి చేరేసరికి వాన మొదలయింది. అవతలికి వెళ్లే ఆఖరి పడవ పొగలు కక్కుతోంది. ముగ్గురూ పరుగు పెట్టారు. ఆకాశం పై అంతస్తుకి ఎక్కేశాడు, ఎక్కడున్నా పైకి ఎక్కడమే అతని తీరు. మధ్యవర్తి మెట్ల మీద ఉన్నాడు. పాతాళం చెక్కబాట దాటి లోపల అడుగు పెట్టి, అలవాటుగా వెనక్కి చూశాడు. రేవు మీద బల్లపైన ఊదారంగు టోపీ తడుస్తోంది.

పై అంతస్తు నుంచి ఆకాశం నవ్వుతున్నాడు. ఈసారి గెలిచానన్న నవ్వు. నవ్వుతూనే అవతలి వైపుకి తిరిగిపోయాడు.

పాతాళం ఒక్క దూకు దూకి వెళ్లాడు. టోపీ అందుకుని తిరిగేసరికి చెక్కబాట లాగేశారు. పడవకీ రేవుకీ మధ్య నీళ్లు వెడల్పవుతున్నాయి. "అన్నా!" అన్నాడు. ఇంజను మోతలో ఆ కేక అతనికే వినబడలేదు. వాన తెర దించినట్టు పడవని కప్పేసింది.

పడవలో జరిగింది తర్వాత తెలిసింది. ఆకాశం నవ్వు ఆపుకుంటూ ఎప్పట్లాగే పిలిచాడట. మధ్యనుంచి "ఉన్నా" అని వచ్చింది. కిందనుంచి పలుకు రాలేదు. రెండోసారి పిలిచాడు. మధ్యవర్తి తడిసి, చలికి వణుకుతూ, ఇక ఈ కేకలు ఆపితే బాగుండుననుకుంటూ, "ఉన్నాడులే బావా, ఇప్పుడే ఎక్కాడు, నా కళ్లతో చూశా" అన్నాడు. ఎక్కడం నిజంగానే చూశాడు. దిగడం చూడలేదు. వాళ్ల జీవితంలో ఒకరి తరఫున ఇంకొకరు పలకడం అదే మొదలు.

టిక్కెట్లావిడ గది తాళం వేస్తూ పాతాళాన్ని చూసి అయ్యో అన్నట్టు నోటిమీద చెయ్యి వేసుకుంది. పడవ మళ్లీ పొద్దున్నే అని సూర్యుడు లేచినట్టు చేత్తో చూపించింది. తన ఇల్లు పైన, రమ్మని సైగ చేసింది. పాతాళం తల అడ్డంగా ఊపాడు. గుండెమీద చెయ్యి పెట్టుకుని, సరస్సు చూపించి, మళ్లీ తన కాళ్ల కింది నేల చూపించాడు. నావాళ్లు వస్తారు, ఇక్కడే ఉండాలి. ఆమెకి ఏం అర్థమయిందో, ఒక దుప్పటి తెచ్చి భుజాల మీద కప్పి వెళ్లిపోయింది.

అతని ఫోను ఆ దేశంలో పనిచెయ్యదు. పనిచేసే ఫోను ఆకాశం జేబులో ఉంది. అయినా భయమేమీ వెయ్యలేదు. గుంటలో మనిషి ఉన్నచోట ఉంటే చాలు. మిగతాది పైవాళ్లు చూసుకుంటారు. చెక్క గది చూరు కింద దుప్పటి కప్పుకుని, టోపీ పిండి మోకాలి మీద ఆరేసుకుని కూర్చున్నాడు. ఈసారి అన్న దొరికితే ఏమనాలో కూడా అనుకున్నాడు. "నీ టోపీ కోసం దేశంకాని దేశంలో దిక్కులేనివాణ్ణయ్యా. వదినకి చెబుతా చూడు."

ఆ దేశంలో పొద్దు ఒక పట్టాన గూకదు. చాలాసేపు గడిచినా సాయంత్రం వెలుతురు ఇంకా పూర్తిగా పోలేదు. వాన సన్నబడింది. వెనక కొండ మీదనుంచి, పొగమంచులోంచి, ఆ గొంతు వచ్చింది.

"కిందా...?"

పాతాళం చటుక్కున తల తిప్పాడు. ఇంత పెద్ద కొండని లిఫ్టు తిరిగే నిలువు గొయ్యిలా వాడుకోగల గొంతు లోకంలో ఒక్కటే. లేచి నిలబడి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి, ఉన్న బలమంతా కూడదీసుకుని అరిచాడు.

"ఉన్నా!"

కొండ ఆ మాటని తిరిగి ఇచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు.

పాతాళం నిలబడే ఉన్నాడు. నవ్వుకున్నాడు కూడా. నాన్చుతున్నాడు, అనుకున్నాడు. ఇంత దూరం వచ్చి ఇక్కడ కూడా వేళాకోళమే. ఇంకో నిమిషానికి అంటాడు, రారా నాయనా అని. టోపీ చేతిలో పట్టుకుని కొండ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఒక కాలు ముందుకి పడబోయింది. మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. అతని చోట ఇంకెవరైనా ఉంటే, అంతకాలపు స్నేహితుడి గొంతు వినగానే కొండెక్కి పరిగెత్తేవాళ్లు. పాతాళం "రా" అనే మాట కోసం ఆగాడు. చీకటి పడింది. దారి తప్పి మరో వైపు దిగుతున్నాడేమో, తను కదిలితే ఒకరికొకరు దొరకరేమో, అనుకుని ఆగాడు. తెల్లవారేదాకా ఆగాడు.

పొద్దున గొర్రెలు తోలుకొచ్చిన ఒక ముసలాయన పరుగున వచ్చి పాతాళం రెక్క పట్టుకుని పైకి లాక్కుపోయాడు. దూరం ఏమీ లేదు. మొదటి మలుపులోనే, రాళ్లు పేర్చిన గోడకి చేరగిలబడి, ఆకాశం కూర్చుని ఉన్నాడు. ముఖం రేవు వైపే ఉంది. తల తడిసి ఉంది. చెవులు నీలంగా ఉన్నాయి. పాతాళం వంగి, చేతిలో ఉన్న టోపీ అతని తలకి తొడిగి, చెవుల మీదికి లాగాడు. అప్పుడు మాత్రం ఆకాశం కాదనలేదు.

పడవ నడిసరస్సులో ఉండగానే ఆకాశానికి సంగతి తెలిసిపోయిందట. పాతాళం కోసం కిందికి దిగి వెతికాడు. అవతలి ఒడ్డు చేరాక ఇక పడవ లేదని అక్కడివాళ్లు సైగ చేశారు. కొండ చుట్టూ దారి ఉందని చేత్తో చూపించారు. మధ్యవర్తి బతిమాలాడు. "బావా, వాడు ఎక్కడికీ పోడు. రాయిలా అక్కడే కూర్చుంటాడు. పొద్దున్నే వెళ్దాం."

"గుంటలో మనిషిని వదిలేసి పైవాడు నిద్రపోతాడా?"

"అయితే నేనూ వస్తా."

"నువ్వొద్దు. వాడి తరఫున ఒకసారి పలికావు, చాలు. ఇక్కడే ఉండు."

మధ్యవర్తితో ఆకాశం అన్న ఆఖరి మాట అది. తర్వాత ఒక పాల బండి ఆపి, కొండ తలమీద దాకా ఎక్కాడు. అక్కడినుంచి వానలో, కాలిబాటన, గుండె మోయగలిగినంత దూరం వచ్చాడు.

ఆ ఊరి ఆసుపత్రిలో మధ్యవర్తి ఆకాశం ఫోనులో మాటలు రాసి, ఆ దేశపు భాషలోకి మార్చి డాక్టరమ్మకి చూపించాడు. అప్పుడు ఎవరైనా పక్కన ఉండి ఉంటే బతికేవాడా అని. డాక్టరమ్మ చదివి, ఇద్దరి మొహాలూ చూసి, రెండు చేతులూ కొద్దిగా పైకెత్తి దించేసింది. ఆ చేతుల్లో అవుననీ లేదు, కాదనీ లేదు. పాతాళం ఆ తర్వాత బతికిందంతా ఆ రెండు చేతుల మధ్యే.

తిరిగి వచ్చాక మధ్యవర్తి పనిలోకి రాలేదు. ఎదురైతే తల దించుకుని పక్క సందులోకి తప్పుకునేవాడు. పాతాళానికి అతని మీద కోపం లేదు. పిలిచి ఆ మాట చెబుదామంటే, తన సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది. ఒకడు పలకకూడని చోట పలికాడు, ఇంకొకడు కదలాల్సిన చోట కదల్లేదు. ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే నడుమ ఖాళీగా ఉండేది ఆకాశం కుర్చీయే. అందుకని ఇద్దరూ కూర్చోలేదు.

వదిన దగ్గరికి మాత్రం వెళ్లక తప్పలేదు. ఆమె ఏడవడం అయిపోయి ఉంది. వంటింటి గుమ్మంలో పీట వాల్చి కూర్చోమంది.

"ఆఖరికి ఏమన్నాడు?"

"'కింద?' అన్నాడు వదినా."

"నువ్వేమన్నావ్?"

"'ఉన్నా' అన్నా."

వదిన కళ్లు మూసుకుంది. "అయితే విన్నాడు. నువ్వు ఉన్నావని తెలిసే పోయాడు. అదే చాలు."

పాతాళం అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయాడు.

"రా అనలేదు వదినా."

ఆమె లిఫ్టు మేస్త్రి భార్య. ఆ మాటకి అర్థమేమిటో, అతను ఎందుకు చెబుతున్నాడో విడమరచక్కర్లేదు. పొయ్యి మీద నీళ్లు తెర్లిపోతున్నా లేవలేదు. తర్వాత లేచి, కంచం పెట్టి, అన్నం వడ్డించి, లోపలికి వెళ్లి తలుపు దగ్గరకి వేసుకుంది. పాతాళం ఒక్కడే కూర్చుని తిన్నాడు. టోపీ పోగొట్టుకుని వస్తే అన్నం పెట్టనన్న మనిషి, మొగుణ్ణి పోగొట్టుకుని వస్తే పెట్టింది. ఆ ముద్దలు ఎలా దిగాయో అతనికే తెలియదు.

ఆ తర్వాత వదిన ఎప్పుడూ అతణ్ణి రావద్దనలేదు. రమ్మని కూడా అనలేదు.

పనిలో పెద్దవాడు ఇప్పుడు పాతాళమే. నిచ్చెన దిగే వయసు కాదనీ, మిషను గదికి ఎక్కమనీ పై అధికారులు చెప్పారు. ఆకాశం చొక్కా తగిలించుకునే మేకు గోడకి అలాగే ఉంది. దానికి ఏమీ తగిలించలేదు. గుంటలోకి వేరే చోటు నుంచి బదిలీ అయి ఒకాయన వచ్చాడు, ఇద్దరు పిల్లల తండ్రి, నోరు మూత పడనివాడు.

మొదటి రోజు పాతాళం మిషను గదిలోంచి లిఫ్టు గొయ్యిలోకి వంగి పిలిచాడు. గొంతు సన్నగా వచ్చింది.

"మధ్యన?"

కొత్త మధ్యవాడు ఉన్నా అన్నాడు.

"కింద?"

"ఉన్నా గురువుగారూ! బ్రహ్మాండంగా ఉన్నా!"

పని అయింది. ఇక "రా" అనాలి. పాతాళం నోరు తెరిచాడు. ఆ మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. గొయ్యిలోంచి చల్లటి గాలి మొహానికి తగిలింది, పొగమంచు వాసనతో అన్నట్టు. కింద ఒక మనిషి తలెత్తి చూస్తూ ఉంటాడు. వేళాకోళమేమో అనుకుంటూ ఉంటాడు.

కరెంటు తీసేసి, మీటకి తాళం వేసి, మెట్ల మీదుగా బయల్దేరాడు. అంతస్తు తర్వాత అంతస్తు, కమ్మీ పట్టుకుని, ఆగి ఊపిరి పీల్చుకుంటూ, అట్టడుగుదాకా దిగాడు. తలుపు తెరిచి, మోకాళ్ల మీద కూర్చుని, గుంటలోకి చెయ్యి చాచాడు.

కొత్తవాడు బిత్తరపోయాడు. "అదేంటి గురువుగారూ! పైనుంచి ఒక్క మాట అంటే వచ్చేవాణ్ణిగా. ఈ వయసులో ఇన్ని మెట్లు దిగాలా?"

"ఒక మాట చెబుతా, విను. ఎప్పుడైనా నేను పిలిచి, నువ్వు పలికాక, నా దగ్గర్నుంచి ఇంకేమీ వినబడకపోతే, ఆగకు. వచ్చి చూడు."

"రూలు ఒప్పుకోదుగా గురువుగారూ?"

"ఒప్పుకోదు," అన్నాడు పాతాళం. అతని చెయ్యి ఇంకా చాచే ఉంది. "అయినా రా."